జోతిని పిలిచిన గొంతు

కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ వైపు వెళ్లే బస్సు పొన్నుతాయి ఇరవై ఏళ్లకు పైగా ఎక్కలేదు. మదురైలో పెళ్లి జరిగినా, సాత్తూరులో చావు జరిగినా ఏదో ఒక సాకు చెప్పి ఆగిపోయేది. చుట్టాలకు కారణం తెలుసు కాబట్టి ఎవరూ బలవంతపెట్టేవాళ్లు కాదు.

ఆమె పుట్టింది తమిళనాడు దక్షిణాన ఉన్న నాగలాపురంలో. వాన పడితే పత్తీ సజ్జా పండే నల్లరేగడి ఊరు అది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆ తెలుగును చదవడం గానీ రాయడం గానీ ఇంటిల్లిపాదిలో ఎవరికీ రాదు. అది నోట్లో మాత్రమే ఉండే భాష. పంతొమ్మిదో ఏట ఆమెను కోవిల్‌పట్టి తంగరాజ్‌కిచ్చి పెళ్లి చేశారు. అతను అగ్గిపెట్టెల లోడు లారీ నడిపేవాడు. కొన్నేళ్లకు ఒక ఆడపిల్ల పుట్టింది. జోతి అని పేరు పెట్టుకున్నారు. ఆ తర్వాత మళ్లీ కాన్పు లేదు.

జోతికి ఆరేళ్లప్పుడు జ్వరం పట్టుకుంది. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టేది. విరుదునగర్‌లో పిల్లలను బాగా చూసే డాక్టరు ఒకాయన ఉన్నాడని ఎవరో చెప్పారు. తంగరాజ్ లోడు తీసుకుని కేరళ వెళ్లి ఉన్నాడు. పొన్నుతాయి ఒక్కతే బిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకుని బస్సెక్కింది. సాత్తూరు ఇంకా రాకముందే బిడ్డ ఒళ్లు చల్లబడిపోయింది. పక్క సీట్లో ఉన్న ముసలావిడ బిడ్డ చెయ్యి పట్టుకుని చూసి కండక్టరును పిలిచింది. సాత్తూరులో దిగమని అతను మెల్లగా అన్నాడు. పొన్నుతాయి దిగలేదు.

"బిడ్డ నిద్దరపోతా ఉండాది. విరుదునగర్ దాకా టిక్కెట్టు తీసుండా" అని తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పింది.

ఈ సంగతి ఆమె నోటి నుంచి ఎన్నడూ రాలేదు. అదే బస్సులో ఉన్న ఊరివాళ్లు తర్వాత చెప్పారు.

తంగరాజ్ తాగుడులో పడి కొన్నేళ్లకే పోయాడు. పొన్నుతాయి ఇంటికి దగ్గరున్న అగ్గిపెట్టెల కంపెనీలో పనికి చేరింది. పుల్లలు నింపడం, పెట్టెలు కట్టలు కట్టడం, చేతులకు అగ్గిమందు వాసన. ఆ ఇంట్లో జోతి పేరు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నాగలాపురంలో ఉన్న అన్న అప్పాసామి కూడా చెల్లెలి ముందు ఆ పేరు రాకుండా జాగ్రత్తపడేవాడు. అప్పాసామి ఇంటి కోడలి పక్షం వాళ్లలో ఎవరో కూతురికి జోతి అని పెట్టుకుంటే, పొన్నుతాయి వచ్చినప్పుడల్లా ఆ పిల్లను 'పాపా' అని పిలిచేవాళ్లు.

అప్పాసామి చిన్నకొడుకు నరేన్ కంప్యూటర్ చదువు చదివి విరుదునగర్‌లో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగానికి చేరాడు. వాళ్లు చేసేది కంప్యూటర్‌లో ఆడే ఆటలు. యజమాని పేరు సరవణకుమార్. అతని తండ్రిది మిరపకాయల మండీ. ఆ మండీ పై అంతస్తులోనే కంపెనీ. కింద గోతాలు దించితే పైన కుర్రాళ్లు తుమ్ముతూ పనిచేసేవాళ్లు. పదిమందికి మించి లేరు. అందరూ కలిసి ఒక భయానక ఆట తయారుచేస్తున్నారు. దాని పేరు 'కరిసల్'. తమిళంలో నల్లరేగడి నేలకు అదే మాట.

ఆట కథ రాసింది సంగవి అనే అమ్మాయి. అరుప్పుకోట్టైలో మగ్గాలు పెట్టుకున్న తెలుగు ఇంటి పిల్ల. ఎండిపోయిన ఒక ఊరు, మనుషులంతా వెళ్లిపోయిన ఇళ్లు, కోతకు మిగిలిపోయిన పత్తి చేను. ఆడేవాడు చేతిలో దీపం పట్టుకుని ఆ ఊరు దాటాలి. చచ్చిపోయిన ఒక తల్లి తప్పిపోయిన తన బిడ్డ కోసం ఆ ఇళ్లలో తిరుగుతూ ఉంటుంది. ఆమె పిలుపు దగ్గరపడితే దీపం ఆర్పి దాక్కోవాలి. ఆ తల్లి గొంతు కోసం చెన్నై నుంచి ఒక డబ్బింగ్ కళాకారిణిని రప్పించారు. ఆమె బాగానే ఏడ్చింది. కానీ విన్న ప్రతి ఒక్కరికీ అది ఏడుపులా కాక నటనలా వినిపించింది. తల్లి మాట్లాడేది ఏ భాషో ఆడేవాళ్లకు అంతుపట్టకూడదని, అయినా అది నిజమైన భాషే అయ్యుండాలని సంగవి పట్టుబట్టింది.

నరేన్‌కు మేనత్త గుర్తొచ్చింది. ఊళ్లో ఎవరైనా పోతే ఆమె శోకాలు పెట్టదు. ఒక మూల కూర్చుని పోయినవాళ్లతో మామూలుగా మాట్లాడుతుంది. అది విన్నవాళ్లకే ఏడుపొస్తుంది. అతను చిన్నప్పటి నుంచీ చూశాడు.

ఒక ఆదివారం కోవిల్‌పట్టి వచ్చి సంగతి చెప్పాడు.

"నాకి ఆట తెలీదు, పాట తెలీదు. వేరే ఎవురినన్నా సూడు సామి" అంది పొన్నుతాయి.

"నువ్వేమీ సేయొద్దత్తా. పిలిస్తే సాలు."

"ఎవురిని?"

"ఆ తల్లికి ఒక బిడ్డ. తప్పిపోయింది. దాన్ని యెతుకుతా ఉంటాది."

పొన్నుతాయి చేతిలో ఉన్న చేట పక్కన పెట్టింది. నరేన్ తాను తప్పు చేశానని అనుకుని లేవబోయాడు.

"దొరుకుతాదా?" అని అడిగింది.

"ఇంకా తెలీదత్తా. కత పెద్దది. ఈ ఒక్క ఆటలో అయ్యేది కాదు."

తర్వాతి వారం ఆమె అతనితో పాటు విరుదునగర్ బస్సెక్కింది. దారి పొడుగునా ముందు సీటు కమ్మీ పట్టుకునే కూర్చుంది. సాత్తూరు స్టాండులో బస్సు ఆగినప్పుడు కళ్లు మూసుకుంది. విరుదునగర్‌లో దిగాక నరేన్ టీ తాగుతావా అంటే తల ఊపింది.

గోడలకు పాత పరుపులు కట్టిన చిన్న గది. హమాలీలు భోజనానికి వెళ్లిన వేళ చూసి, ఫ్యాను ఆపేసి, మైకు ముందు ఆమెను కూర్చోబెట్టారు. మాటలు తమిళ లిపిలో రాసి ఎదురుగా పెట్టింది సంగవి. కాగితంలో బిడ్డకు పేరు లేదు. 'పాపా, యాడుండావు? రా, కూడు తిందాం' అని ఉంది.

పొన్నుతాయి మొదటిసారి కాగితంలో ఉన్నట్టే చెప్పింది. రెండోసారీ అలాగే చెప్పింది. మూడోసారి కాగితం పక్కకు జరిపింది.

"జోతీ. యాడుండావు తల్లీ? పొద్దు పోయింది. రా, కూడు తిందాం. నేను కొట్టను రా."

సంగవికి ఆ పేరు సంగతి తెలియదు. నరేన్‌కు తెలుసు. అతను యంత్రం ఆపి మేనత్త పక్కన వచ్చి కూర్చున్నాడు.

"ఆ పేరు తీసేస్తామత్తా. మళ్ల ఇంకోసారి సెప్పు."

"ఉండనీ" అంది ఆమె. "ఎన్నాళ్లయిందో ఆ పేరు నోట్లోకి తెచ్చి. ఉండనీ సామి."

ఆట మరుసటి ఏడు బయటికొచ్చింది. పుస్తకాలకున్నట్టే ఆటలకూ ప్రచురణకర్తలుంటారు. ముందుగా డబ్బు పెడతారు, అమ్ముతారు, తమ వాటా తీసుకుంటారు. 'కరిసల్'ను తీసుకున్నది సింగపూర్‌లోని ఒక సంస్థ. పెద్దగా ఆశలేమీ పెట్టుకోకుండా, పోతే పోయింది అన్నట్టు తీసుకుంది. యాభై వేల ప్రతులు అమ్ముడైతే చాలనుకున్నారు. రెండున్నర లక్షలు దాటింది. ఎక్కడెక్కడి దేశాల వాళ్లో ఆ ఆట ఆడుతూ తమను తాము వీడియో తీసుకుని పెట్టారు. చీకటి గదుల్లో కూర్చున్న కుర్రాళ్లు ఆ తల్లి పిలుపు వినగానే కుర్చీలో ఉలిక్కిపడేవాళ్లు. కొందరు కేక పెట్టేవాళ్లు. 'జోతి' అనే మాటకు అర్థమేమిటని ఒకరినొకరు అడిగేవాళ్లు.

నరేన్ ఫోనులో అవన్నీ చూపించాడు. అతను నవ్వుతున్నాడు. పొన్నుతాయి నవ్వలేదు.

"ఏల బెదురుతారు?" అని అడిగింది. "తల్లి బిడ్డను కూటికి పిలిస్తే బెదిరేదేముండాది?"

"సచ్చిపోయిన తల్లి కదత్తా."

"సచ్చిపోతే మాత్రం?"

వీడియోల కింద జనం రాసిన మాటలు నరేన్ ఫోనులోనే తమిళంలోకి మార్చుకుని చదివి వినిపించాడు. ఎక్కడో చలిదేశంలో ఉన్న ఒక ఆవిడ, తన కొడుకు ఆడుతుంటే పక్క గదిలోంచి ఆ గొంతు విన్నాననీ, భాష తెలియకపోయినా అన్నం తినడానికే పిలుస్తోందని తెలిసిపోయిందనీ రాసింది. అది మాత్రం పొన్నుతాయి రెండుసార్లు చదివించుకుంది. ఆ రాత్రి నుంచి ఆమెలో మార్పు వచ్చిందని పక్కింటి కృష్ణమ్మాళ్ అనేది. అగ్గిపెట్టెల కట్టలు కడుతూ కడుతూ, "మా జోతికి చింతపండు పులుసంటే పానం" అని తనంతట తానే చెప్పిందట. వింటున్నవాళ్లు చేతులు ఆపేశారట. అప్పటి నుంచి అప్పుడప్పుడు జోతి మాట వస్తూ ఉండేది. జోతి జడ వేయించుకోదు. జోతి పిల్లిని ఎత్తుకుని తిరుగుతుంది. ఇరవై ఏళ్లు మూసిపెట్టిన బిడ్డను ఆమె కొద్దికొద్దిగా బయటికి తెచ్చుకుంది.

రెండో భాగానికి సింగపూర్ వాళ్లు పెద్ద మొత్తం పెట్టారు. కంపెనీ మండీ పై నుంచి రైల్వే స్టేషను దగ్గర కొత్త భవనంలోకి మారింది. నలభై మంది అయ్యారు. పొన్నుతాయి నెలకొకసారి వెళ్లేది. ఇంటి నుంచి కారపు ఉండలు చేసి తీసుకెళ్తే కుర్రాళ్లు ఎగబడి తినేవాళ్లు. సాత్తూరులో ఇప్పుడు ఆమె కళ్లు మూసుకోవడం లేదు. ఒకసారి బస్సు ఆగినప్పుడు దిగి, అదే స్టాండులో దోసకాయలు కొనుక్కుని వచ్చిందని నరేన్ వాళ్ల నాన్నకు ఫోను చేసి చెప్పాడు.

అయితే పెద్ద డబ్బు పెట్టినవాళ్లకు పెద్ద ఆలోచనలుంటాయి. మొదటి ఆటలో భయం చాలలేదని సింగపూర్ నుంచి చెప్పారు. తల్లి మెల్లగా పిలుస్తూ తిరిగితే కొత్తవాళ్లు విసుక్కుంటారు. ఆమె తరమాలి, గోళ్లతో చీరాలి, అరవాలి అన్నారు. సంగవి ఒప్పుకోలేదు. రోజుల తరబడి వాదించింది. చివరికి సరవణకుమార్ ఆమెను గదిలోకి పిలిచి తలుపేసి, నలభై మందికి జీతాలిస్తున్నది వాళ్లేనని గుర్తుచేశాడు. బయటికొచ్చినప్పుడు సంగవి ముఖం వాడిపోయి ఉంది.

పొన్నుతాయికి ఆమే చెప్పాల్సి వచ్చింది.

"పెద్దమ్మా, ఈసారి అరవల. కోపంగా, బిడ్డను లాగేసుకున్నోళ్ల మీద అరిసినట్టు."

"నా బిడ్డను ఎవురూ లాగుకోలేదు కన్నూ. జొరమొచ్చి పోయింది. ఎవురి మీద అరవల?"

సంగవి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇది ఒక్కటి అయిపోనీ పెద్దమ్మా. మూడోది మనది. మూడోదాంట్లో ఆమెకు బిడ్డ దొరుకుతాది. నేను రాస్తా."

"దొరుకుతాదా?"

"దొరుకుతాది."

ఆ మాట మీద పొన్నుతాయి అరిచింది. ఉదయం నుంచి సాయంత్రం దాకా రకరకాలుగా అరవమన్నారు. ఇంకా గట్టిగా, ఇంకా దగ్గరగా, ఊపిరి తెగిపోతున్నట్టు. మధ్యమధ్యలో వేడినీళ్లు తాగింది. తర్వాత చాలా రోజులు గొంతు పెగల్లేదు. పెగిలినా మునుపటి సన్నదనం తిరిగి రాలేదు, కింద ఏదో గరుకు మిగిలిపోయింది. ఆమె దాని గురించి ఎవరితోనూ ఫిర్యాదు చేయలేదు. మూడో భాగం ఎప్పుడు మొదలవుతుందని మాత్రం నరేన్‌ను అడుగుతుండేది.

రెండో భాగం విడుదలైన వారానికి ఆఫీసులో కేకు కోశారు. మొదటి దానికి ఏడాదిలో వచ్చిన సంఖ్య దీనికి కొన్ని రోజుల్లోనే వచ్చేసింది. పొన్నుతాయి కూడా వెళ్లింది. ఆమెను ముందుకు తోసి కత్తి చేతికిచ్చారు. ఆమె సిగ్గుపడుతూ కేకు కోసి మొదటి ముక్క సంగవి నోట్లో పెట్టింది.

తర్వాత కొన్ని నెలలు నరేన్ కోవిల్‌పట్టి రాలేదు. ఫోను చేస్తే పని అన్నాడు. చివరికి ఒక పని రోజున, కంపెనీ వదిలే వేళకు అగ్గిపెట్టెల కంపెనీ ఎదుటి టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. పొన్నుతాయి బయటికొచ్చి అతని ముఖం చూసింది. ఇద్దరూ ఇంటి దారి పట్టారు.

"మూడోది లేదత్తా. ఆపేసిరి."

"రెండోది అమ్మలేదా?"

"అమ్మింది. ఆరు లచ్చలు. మొదటిదానికి రెండింతల పైనే."

"అంత అమ్మితే ఆపేదేల?"

"పదిహేను లచ్చలు అమ్ముతాదని వాళ్లు అనుకుండిరి."

పొన్నుతాయి నాలుగడుగులు వేసి ఆగింది. "మిమ్మల్ని అడిగి అనుకుండిరా?"

"లేదు. మొదటిది అనుకోకుండా బాగా పోయింది కదా. దాన్ని సూసి ఇది ఇంతకింత పోతాదని వాళ్ల కాయితాల్లో రాసుకుండిరి. ఆ లెక్క సూపించి వేరేవాళ్ల దగ్గర దుడ్డు తెచ్చిరి. దానికి తగినట్టు కర్చు పెట్టిరి. ఆరు లచ్చలు మాకి పండగ. వాళ్లకి నట్టం. ఇంక ఈ వరసే వద్దు, బెదురు ఆటలే వద్దు అని మీటింగులో తేల్చేసిరి. మమ్మల్ని పిలిచి మాట్లాడింది కొంచం సేపే."

"ఎవురూ తప్పు సేయలేదా?"

"పని బాగుండాదని మెచ్చుకుండిరి అత్తా. అది కూడా సెప్పిరి."

రోడ్డు పక్కన వేరుశనగపప్పుతో కడలమిట్టాయి చేసే బట్టీ నుంచి బెల్లం పాకం వాసన వస్తోంది. పొన్నుతాయి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అయితే ఆ తల్లి?"

నరేన్ తల వంచుకుని నడిచాడు.

"అట్లనే తిరుగుతా ఉండాల్సిందేనా?"

"వేరేవాళ్ల దుడ్డుతో మనమే మూడోది సేస్తామని సరవణన్న అడిగి సూసినాడు. కుదరదన్నారు. కాంట్రాక్టులో అన్నీ రాసుండాది. ఆట పేరు, కత, బొమ్మలు, నీ గొంతు, అన్నీ వాళ్లవి."

"జోతి పేరు?"

"అదీ. ఆటలో ఉండే జోతి, అత్తా."

"ఇంకో జోతి యాడుండాది?" అంది పొన్నుతాయి. కోపంగా అనలేదు. నిజంగానే అడిగినట్టు అంది.

ఆ రాత్రి ఆమె వండలేదు. నరేన్ బయటి నుంచి పరోటాలు తెస్తే ఒకటి తుంచి ఆకులోనే వదిలేసింది.

ఆటల కంపెనీ మూతపడటానికి ఎక్కువకాలం పట్టలేదు. సరవణకుమార్ తన తండ్రి మండీలోకి తిరిగి వెళ్లాడు. నరేన్‌కు కోయంబత్తూరులో ఉద్యోగం దొరికింది. ఫోనులో రంగురంగుల మిఠాయిలను వరసగా పేర్చే ఆట అది. సంగవి మదురైలో బడిపిల్లలకు పాఠాల వీడియోలు రాసే చోట చేరింది. మొదట్లో పొన్నుతాయికి ఫోను చేస్తుండేది. మూడో భాగం మాట ఇద్దరూ ఎత్తేవాళ్లు కాదు. మాట్లాడుకోవడానికి ఇంకేమీ లేక ఫోన్లు తగ్గిపోయాయి.

అగ్గిపెట్టెల కంపెనీలోనూ మునుపటి పని లేదు. లైటర్లు వచ్చాక గిరాకీ పడిపోయింది. వారంలో సగం రోజులే పిలుస్తున్నారు. పొన్నుతాయి మిగిలిన రోజుల్లో ఇంట్లో కూర్చునేది. జోతి గురించి మాట్లాడటం తగ్గించింది. కృష్ణమ్మాళ్ కావాలని, "జోతికి ఏమి కూర ఇష్టమక్కా?" అని అడిగితే, "ఏదైనా తింటాది" అని ఊరుకునేది.

రెండేళ్లు కావొస్తుండగా నరేన్ మళ్లీ వచ్చాడు. ఈసారి భార్య బృందను వెంటబెట్టుకొచ్చాడు. అన్నాలయ్యాక బృంద అతని వైపు చూసి కళ్లతో సైగ చేసింది. అతను ఫోను తీశాడు.

"అత్తా, నీకి ఒకటి సెప్పల. బయట ఎవురో సెప్పి నీకి తెలిసేదానికంటే నేనే సెప్తే మేలు."

సింగపూర్ సంస్థ 'కరిసల్' పేరునూ బొమ్మలనూ ఇంకెవరికో అమ్మేసింది. కొన్నవాళ్లు దాన్ని జూదపు ఆటగా మార్చారు. తెర మీద మూడు చక్రాలు గిరగిరా తిరుగుతాయి. పత్తికాయలు, దీపాలు, తల్లి ముఖం. మూడు ముఖాలు ఒకే వరసలో ఆగితే గెలిచినట్టు. నాణేలు గలగలా రాలతాయి. ఆ గలగలలోంచి ఒక గొంతు పిలుస్తుంది.

"జోతీ. యాడుండావు తల్లీ?"

పొన్నుతాయి ఫోను దగ్గరికి వంగింది. "ఇంకోసారి పెట్టు" అంది.

నరేన్ పెట్టాడు.

"ఇది మొదటి రోజుది" అందామె. "మిరపకాయల మిద్దె మీద సెప్పింది. అరిసింది కాదు." అరవక ముందు తన గొంతు ఎలా ఉండేదో ఆమె అప్పటిదాకా మర్చిపోయినట్టుంది. అంత సన్నటి గొంతు తనదేనా అన్నట్టు మెడ మీద చెయ్యి పెట్టుకుంది. చక్రాలు మళ్లీ తిరిగాయి. మళ్లీ నాణేలు రాలాయి.

"ఆపు సామి" అంది.

బృంద ఫోను లాక్కుని ఆపేసింది. నరేన్ అత్త పాదాల దగ్గర కూర్చుని ఏడ్చాడు. నిన్ను ఆ పొద్దు తీసుకుపోకుండా ఉండాల్సిందత్తా అన్నాడు. పొన్నుతాయి అతని తల మీద చెయ్యి పెట్టింది.

ఈ సంగతి సంగవికీ తెలిసింది. ఆమె ఫోను చేయలేదు, ఒక ఆదివారం మధ్యాహ్నం తానే వచ్చింది. సన్నబడింది. కళ్లజోడు వచ్చింది. పొన్నుతాయి ఆమెను చూడగానే లేచి నీళ్లిచ్చి, వసారాలో చాప పరిచింది. చింతపండు గింజలు తీసే పని మధ్యలో ఉంది. సంగవి తానూ ఒక గుప్పెడు తీసుకుని గింజలు తీయసాగింది. జూదపు ఆట మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

"మూడోదాంట్లో ఏమి రాసుంటివి?" అని పొన్నుతాయే అడిగింది. "ఈ పొద్దన్నా సెప్పు."

సంగవి చేతిలో గింజను కాసేపు తిప్పింది. "నీకి మాటిచ్చినట్టే రాసిన పెద్దమ్మా. పత్తి చేను చివర బిడ్డ నిలబడుంటాది. తల్లి పోయి ఎత్తుకుంటాది. ఇద్దరూ తెల్లారే వెలుతుర్లో కరిగిపోతారు. అది వాళ్లకి నచ్చలేదు. దొరికిపోతే నాలుగోది యెట్ల సేస్తారు అన్నారు. దొరక్కుండా మార్సమన్నారు. నేను మార్సలేదు. అంతలోనే అంతా ఆగిపోయింది."

పొన్నుతాయి తల అడ్డంగా ఊపింది.

"నువ్వు రాసింది కూడా వద్దు."

"ఏల పెద్దమ్మా?"

"తల్లి సచ్చిపోయుండాది కదా. అది ఎత్తుకుంటే బిడ్డ కూడా సచ్చినట్టే. ఇద్దరూ కరిగిపోతే ఇంకేమి మిగిలింది?"

సంగవి చేతులు ఆగిపోయాయి.

"ఆ బిడ్డ బతికుండల" అంది పొన్నుతాయి. గరుకు గొంతుతో మెల్లగా, పక్కన కూర్చున్న వాళ్లకే వినిపించేంత మెల్లగా చెప్పింది. "ఆ పొద్దు ఎవురో దాన్ని ఎత్తుకుపోయి సాకుండల. పెద్దదై పెండ్లి సేసుకోనుండల. ఇద్దరు బిడ్డలుండల దానికి. ఒక పొద్దు ఆ బిడ్డల్ని సేతపట్టుకోని ఆ ఊరి మీదుగా పోతా ఉండల. ఎండ బాగుండల, సీకటి వద్దు. తల్లి ఇంటి గోడ సాటున నిలబడి సూస్తాది. సూస్తానే తెలుసుకుంటాది."

"పిలస్తాదా?"

"పిలవదు. పిలిస్తే బెదురుతాది కదా. అందరూ బెదిరిరి కదా." ఆమె చేటలోని గింజలను ఒక పక్కకు తోసింది. "ఊరికే సూస్తాది. బిడ్డల్లో సిన్నది అన్నానికి ఏడుస్తా ఉంటాది. జోతి దాన్ని కసిరి, నీడలో కూర్సోబెట్టి, తెచ్చుకున్న కూడు పెడతాది. అది తినేదాకా తల్లి సూసి, లోపలికి పోతాది. అంతే. ఇంక యెతకదు."

సంగవి కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. తుడుచుకుని మళ్లీ పెట్టుకోలేదు. వీధిలో ఎవరో సైకిల్ మీద ఉప్పు అమ్ముకుంటూ పోతున్నాడు.

"దీన్ని రాసుకోనా పెద్దమ్మా? ఆట కోసం కాదు. నా దగ్గిర ఉంచుకునేదానికి."

పొన్నుతాయి ఆలోచించింది. వద్దనడానికి ఆమెకు కష్టంగానే ఉందని సంగవికి తెలుస్తూనే ఉంది.

"వద్దు కన్నూ" అంది చివరికి. "రాస్తే మళ్ల ఎవురన్నా కొంటారు."

తర్వాత ఆమె లేచి పొయ్యి వెలిగించింది. సంగవి మిగిలిన చింతపండు ఒలిచి ఉండలు చేసి జాడీలో పెట్టింది. అన్నం ఉడికాక ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు.